సగం గింజ

ఆమె వచ్చేసరికి జనరేటర్ ఆగి అరగంటయింది.
ఎక్స్‌రే గదికి కిటికీ లేదు.
కొవ్వొత్తి పక్కన కూర్చుని
ఉప్పేసిన పాలటీ తాగుతున్నాను.

బయట మైనస్ ముప్పై రెండు.
మనవడు మోటారు సైకిలు మీద తెచ్చాడట, నలభై కిలోమీటర్లు.
విరిగిన కుడి మణికట్టును
ఎడం చంకలో గువ్వపిల్లలా దాచుకుని వచ్చింది
దొల్గోర్‌సురెన్ అవ్వ.

మా లోయలో ఎవరి ఎముక విరిగినా
ముందు ఆమె గుడారం, తర్వాతే నా గది.
ఒక్కోసారి నా గదిదాకా రానే రారు.

బల్ల మీద చేయి పరిచి
"కుడిచేయి తనకు తాను కట్టు కట్టుకోలేదు కదా నాయనా" అంది.
నవ్వో నొప్పో తెలియలేదు.
విరిగిన పాల గిన్నెల్లా రెండు కళ్లు.

కరెంటు వచ్చేదాకా ఏం చేస్తాం, మాటలే.

చిన్నప్పుడు వాళ్ల మేనత్త
గొర్రె కాలి ఎముకను రాతి మీద ముక్కలు చేసి
తోలుసంచిలో వేసి మూతి బిగించేదట.
"చూడకు. పైనుంచే తడుము. ముక్కకు ముక్క అతుకు."
ఒక చలికాలమంతా అదే పని.
వేలికొసలు కాయలు కాసి, కాయలు రాలి,
ఒక రాత్రి సంచి లోపల
ఎముక మళ్లీ ఎముకయింది.
"విప్పి చూసి ఏడ్చాను.
చేతికి ఉన్నంత అందంగా లేదది, కంటికి."

నేను రెండేళ్లు ఉలాన్‌బాతర్‌లో చదివాను.
తడమడం మాకు నేర్పలేదు.
రోగి ఊపిరి బిగబట్టే క్షణంలో
నేను సీసపు గోడ వెనకాల ఉంటాను.
అది చెప్పాలనిపించింది, చెప్పలేదు.

బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు
ఆమె ఎడంచేయి కదిలి
నా మోకాలి మీద ఆగింది.
బొటనవేలు చిప్ప చుట్టూ ఒకసారి తిరిగి
కింద, ఆ చిన్న మెట్టు దగ్గర,
తోడేలు వాసన తగిలిన గుర్రంలా నిలిచిపోయింది.

"నువ్వా."

పేరు అడగలేదు. నా ముఖం వైపు తిరగనైనా లేదు.
"ఏడేళ్లవాడివి. గుర్రం మీంచి పడ్డావని చెప్పారు మీవాళ్లు.
కాదు, దొడ్డి గోడ మీంచి.
ఎండబెట్టిన పెరుగుముక్కలు దొంగిలించబోయి."

నిజమే. అమ్మకి కూడా తెలియదు.
ఎముకతో చెప్పుకుని ఉంటాను.

"బార్లీ గింజలో సగం, పక్కకు పోయింది.
మా చిన్నదాన్ని కొండ మీద దిగవిడిచి వచ్చిన రోజది.
చేతులు వేడినీళ్లలో ముంచాను, పాలకుండకి ఆనించాను,
వేడెక్కలేదు.
నువ్వేమో ఏడుస్తున్నావు.
ఆగలేక కట్టేశాను."

ఇరవయ్యారేళ్లు ఆ సగం గింజ మీద నడిచాను.
కుస్తీ గోదాలోకి రానివ్వలేదు, సైన్యం వెనక్కి పంపింది.
ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు
తలుపు గడియ పెట్టుకుని
నా మోకాలికి నేనే ఫిల్మ్ తీసుకున్నాను.
ఆమె ముందు పెడదామని ఉంచుకున్నాను.
ఇప్పటికీ సొరుగులో ఉంది.
సొరుగు నా మోచేతికి తగులుతూనే ఉంది.

కరెంటు వచ్చింది, గొంతు సవరించుకుంటూ.
"ఊపిరి బిగబట్టు అవ్వా" అని గోడ వెనక్కి వెళ్లాను.

తడి ఫిల్మును ఆమె వేళ్లతో చదవబోయింది.
"నున్నగా ఉంది. ఎవరూ లేరిందులో. నువ్వు చెప్పు."
చెప్పాను: ఎక్కడ చీలింది, ఎటు జరిగింది, ఎంత.
డాక్టరు శుక్రవారం గాని రాడు, కనుమ మంచుతో మూసుకుపోయింది.

"అయితే నీ చేతులు తే."

ముందు వాటిని టీ గిన్నెకు ఆనించాను.
తర్వాత మెడ కింద, తర్వాత పొట్ట మీద.
ఆమె తొందరపెట్టలేదు.

"కళ్లు మూసుకో."
అంత వెలుతురులో మూసుకున్నాను.

"ఇంకొంచెం పైకి.
అది నరం, దాన్నొదిలెయ్.
అది వయసు, దాన్నీ వదిలెయ్.
దాని పక్కన..."